కుట్టుమిషను మీద యుద్ధవిమానం

మా ఇంట్లో మొదటి కంప్యూటరు అమ్మ కుట్టుమిషను మీద కూర్చుంది. ఇంటర్నెట్టుకి ఫోను తీగ కావాలి, ఫోను సాకెట్టేమో ముందుగదిలో మిషను ఉన్న మూలనే ఉంది, ఆ తీగ పొడవేమో మూరెడు. అందుకని మిషను తలని లోపలికి మడిచేసి, పైన చెక్క మూసి, దాని మీద మానిటరు పెట్టాం. కింద తొక్కుడు పలక మాత్రం అలాగే ఉండిపోయింది. కాలు తగిలితే చాలు, గడగడమని చక్రం తిరిగేది, పైన మానిటరు తల ఊపేది. "మీ చదువులయ్యాక నా మిషను నాకిచ్చెయ్యండి" అంది అమ్మ. ఆవిడ స్కూల్లో టీచరు. చదువంటే దేనికైనా ఒప్పుకుంటుంది. నేను దాని మీద చదవబోయేది ఏమిటో తెలిస్తే ఆ రోజే దింపించేసేది.

నాకు కోపమెక్కువ. ఈ ముక్క ముందే చెప్పేస్తే మంచిది. కోపం కూడా కాదు, 'నాకు తెలుసు' అనే పొగరు. ఆ రోజుల్లో సికింద్రాబాదులో ఏ సందులో చూసినా కంప్యూటరు కోర్సుల బోర్డులే. బీకాం తప్పినవాడూ, ఇద్దరు పిల్లల తల్లయిన మా పక్కింటావిడా, అందరూ ఏదో ఒక కోర్సులో ఉన్నవాళ్ళే. నేను కాస్త ముందు చేరాను కాబట్టి కంపెనీ బస్సు ఎక్కే యోగం పట్టింది. నా పని టెస్టింగ్. అంటే ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాములో తప్పెక్కడుందో పట్టుకోవడం. ఒక ఏడాది ఆ పనికి నన్ను అందరి ముందూ నిలబెట్టి చప్పట్లు కూడా కొట్టించారు. తప్పులు పట్టడంలో నన్ను మించినవాళ్ళు లేరని నేను నిజంగానే నమ్మాను.

ఆఫీసులో నా పక్క సీటతను ఒక రోజు ఒక సీడీ తెచ్చిచ్చాడు. యుద్ధవిమానం నడిపే ఆట. ఇస్తూ ఇస్తూ, "ఇది మామూలు గేమ్ కాదు మేడమ్, అచ్చం అసలు విమానమే. మీ వల్ల కాదు గానీ మీ తమ్ముడికియ్యండి" అన్నాడు. తమ్ముడికివ్వమన్నాడు! ఆ ఒక్క మాట అనకపోయి ఉంటే ఆ సీడీ బీరువాలో పడి ఉండేది.

అతను చెప్పింది మాత్రం నిజమే. మామూలు ఆటల్లో ఒక మీట నొక్కితే విమానం ఎగురుతుంది, ఇంకో మీట నొక్కితే శత్రువు పేలిపోతాడు. ఇందులో ఇంజిను స్టార్టు చెయ్యడానికే పేజీడు జాబితా. బ్యాటరీ వెయ్యాలి, ఇంధనం వదలాలి, ఇంజిను తగినంత వేగంగా తిరిగేదాకా కాచుకుని కూర్చోవాలి. తొందరపడితే మాడిపోతుంది. మొదటి వారం నా విమానం షెడ్డు దాటలేదు. రెండో వారం రన్‌వే చివర గడ్డిలోకి దూసుకుపోయింది. గాల్లోకి లేచిన మొదటిసారి, ఆనందం పట్టలేక, ఆట కోసం కొన్న జాయ్‌స్టిక్కుని గట్టిగా వెనక్కి లాగాను. ముక్కు ఆకాశంలోకి లేచింది, వేగం చచ్చిపోయింది, బొంగరంలా తిరుగుతూ వచ్చి నేల మీద పడింది. తెర నల్లబడ్డాక అందులో నా మొహం, కళ్ళద్దాలూ కనబడ్డాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆటతోపాటు పెద్ద మాన్యువలు ఉంది, సీడీలోనే. ఆఫీసు ప్రింటరు మీద కొంచెం కొంచెంగా తీసి, రెజిమెంటల్ బజారులో జిరాక్సు షాపతని దగ్గర బైండింగు చేయించాను. అతను ఆ కట్టని చేత్తో తూచి, "ఏందమ్మా, గింత లావుంది! ఏం కోర్సు ఇది? అమెరికా పోతున్నరా?" అన్నాడు.

"కాదు, విమానం నడపడం."

"మంచిగుంది. మా బజార్ మీదికెళ్ళి పోయేటప్పుడు జెర చెప్పుండ్రి, చెయ్యి ఊపుత" అని స్పైరలు తిప్పాడు.

ఇంటికొచ్చాక అమ్మకి అది నచ్చలేదు. "బైబిలు అట్ట ఊడిపోయి ఆర్నెల్లయింది, దానికి తీరిక దొరకలేదు గానీ దీనికి బైండింగా?" అంది. మర్నాడే బైబిలు కూడా తీసుకెళ్ళి అట్ట వేయించాను. లేకపోతే బతకనివ్వదు.

పొద్దున్నే లేచి, బస్సు వచ్చేలోపల గంటా గంటన్నర కూర్చునేదాన్ని. మెల్లగా కొన్ని సంగతులు తెలిశాయి. విమానం నడపడమంటే దాన్ని అటూ ఇటూ తిప్పడం కాదు, దాని వేగాన్ని జాగ్రత్తగా ఖర్చుపెట్టుకోవడం. గట్టిగా మలుపు తిప్పితే వేగం పోతుంది, వేగం పోయినవాడు తేరగా దొరికిపోతాడు. శత్రువు కనబడగానే మీద పడిపోవాలన్న నా బుద్ధి నన్ను రోజూ చంపింది. చచ్చి చచ్చి, ఆగడం నేర్చుకున్నాను. జీవితంలో నేను ఓపిక పట్టిన చోటు అదొక్కటే, అది కూడా నేల మీద కాదు. దిగడం అన్నిటికన్నా కష్టం. ముక్కు కాస్త ఎత్తి పట్టుకుని, వేగం చావనివ్వకుండా, నేల దానంతటది పైకొచ్చి చక్రాలని అందుకునేదాకా చెయ్యి కదపకుండా ఉండాలి. నెలలు పట్టింది. ఒక ఆదివారం చర్చికి బయలుదేరబోయే ముందు చక్రాలు రెండూ మెత్తగా ఆనాయి.

"నాన్నా! దింపాను!" అని అరిచాను.

నాన్న సబ్బు నురగ మొహంతోనే వచ్చి, నడుం వంచి తెరలోకి చూశారు. "బాగానే దింపావు తల్లీ. బ్రేకులు మరీ తొక్కేశావు. టైర్లు మార్చాలిప్పుడు" అన్నారు.

నాన్న విమానాల మెకానిక్కు. ఎయిర్‌ఫోర్సులో ఇరవయ్యేళ్ళు ఆయన చేసిన పని అదే, రెక్కలూ చక్రాలూ విప్పడం, బిగించడం. రిటైరయ్యాక సైనిక్‌పురిలో ఇల్లు కట్టుకున్నారు. సొంతవూరు గుంటూరు పక్కన. అన్నేళ్ళు విమానాల చుట్టూ తిరిగినా, పైలట్ సీట్లో కూర్చుని ఒక్కసారి కూడా గాల్లోకి లేవలేదు. అది ఆయనకి లోటని ఎప్పుడూ అనలేదు. ఆయన అసలు ఏదీ అనేవారు కాదు, అదీ చిక్కు.

ఎగరాలన్న పిచ్చి తమ్ముడిది. నాకన్నా ఆరేళ్ళు చిన్న. హకీంపేట వైపు నుంచి శిక్షణ విమానాలు లేస్తుంటే మేడ మీదికి పరిగెత్తి, అవి దిగిందాకా కిందికొచ్చేవాడు కాదు. ఇల్లంతా గుంటూరు మాట మాట్లాడితే వాడొక్కడు సికింద్రాబాదు మాట. "ఏందిరా ఆ భాష" అని అమ్మ వాడి మాటతోనే వాణ్ణి తిట్టేది. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఎయిర్‌ఫోర్సు రాత పరీక్ష రాశాడు, పాసయ్యాడు. మిగతా ఎంపిక పరీక్షలకి మైసూరు రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ ఉత్తరం పట్టుకుని ఇల్లంతా తిరిగాడు, గేటు దగ్గరికెళ్ళి పాలతనికి కూడా చూపించాడు.

ఆ రోజు భోజనాల దగ్గర నాన్న ఒక సంగతి చెప్పారు. మిగతా పరీక్షలూ, ఇంటర్వ్యూలూ తప్పితే మళ్ళీ వెళ్ళచ్చు. పైలట్ కావాలంటే మాత్రం అక్కడ మెషీన్ మీద ఒక పరీక్ష ఉంటుంది. చేతికీ కంటికీ పొందిక ఎంతుందో చూస్తారు. అది మనిషికి జీవితంలో ఒక్కసారే. తప్పితే వేరే ఏ ఉద్యోగమైనా ఇవ్వచ్చు గానీ, ఆ మనిషి పైలట్ సీట్లో కూర్చోవడమనేది ఇక ఉండదు. ఎన్నేళ్ళు ఆగినా, ఎంత నేర్చుకున్నా.

అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఒక్కసారేనా? పిల్లాడికి ఆ రోజు జ్వరమొస్తే?"

"వస్తే అంతే" అన్నారు నాన్న.

తమ్ముడు నా వైపు చూశాడు. నేను నవ్వాను. "ఒక్కసారి చాల్లేరా. రెండోసారి ఎవడిక్కావాలి? నేను నేర్పిస్తా" అన్నాను.

నాకా మందపాటి కళ్ళద్దాలు. అవి లేకపోయినా ఆ రోజుల్లో ఆడవాళ్ళని ఫైటర్ల దరిదాపులకి రానిచ్చేవాళ్ళు కాదు. నేను నేర్చుకున్నదంతా కుట్టుమిషను మీదే మొదలై, అక్కడే అయిపోవాల్సిందే. తమ్ముడు వెళితే అది నిజంగా గాల్లోకి లేస్తుంది. వాడి కోసమే చేశానని చాలా రోజులు చెప్పుకున్నాను. వాడి కోసం ఎంత, నా కోసం ఎంత అంటే ఇప్పటికీ చెప్పలేను.

మర్నాటి పొద్దుటి నుంచి పాఠాలు షురూ. వాడు కుర్చీలో, నేను పక్కన స్టూలు మీద. మొదటి రోజే గొడవ. వాడివి పొడుగు కాళ్ళు. విమానం మలుపు తిరిగినప్పుడల్లా వాడి మోకాళ్ళు కూడా తిరిగేవి, పాదం వెళ్ళి తొక్కుడు పలకకి తగిలేది. గడగడ, మానిటరు ఊగడం, వాడు బెదరడం, విమానం పోయి కొండకి తగలడం. నాలుగుసార్లు చూశాను.

"ఒరే గాడిదా, ఆ కాళ్ళు పైకి పెట్టుకో! బాసింపట్టు వేసుకుని కూర్చో!"

"విమానంల గిట్ల కూసుంటరా అక్కా?"

"నోర్మూసుకుని తెర చూడు."

కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తెర కదల్లేదు. నాకు హాయిగా అనిపించింది. ఆ తరవాత రెండు నెలలు వాడు నేర్చుకున్నదంతా, లేవడం, తిరగడం, వెంటాడటం, దిగడం, అన్నీ అన్నానికి కూర్చున్నట్టు కూర్చునే నేర్చుకున్నాడు.

అసలు విమానంలో పైలట్ కాళ్ళ కింద రెండు పెడల్స్ ఉంటాయి. వాటితో తోక మీద నిలువుగా ఉండే రెక్క కదులుతుంది, ముక్కు కుడికీ ఎడమకీ జరుగుతుంది. ఈ సంగతి మాన్యువల్లో ఉంది. అయితే నేను కొన్న జాయ్‌స్టిక్కులో ఆ పని పిడిని మెలితిప్పితే అయిపోయేది. అది కూడా అక్కర్లేదనుకుంటే కంప్యూటరే చూసుకునే ఏర్పాటు ఉంది. ఇంక కాళ్ళతో ఏం పని? కదిలితే తెర ఊగడం తప్ప.

తమ్ముడు నాకన్నా బాగా నేర్చుకున్నాడు, నెల తిరక్కుండానే. వాడి చెయ్యి మెత్తన. నేను లాగే చోట వాడు ఊరికే ఆనించేవాడు, విమానం మాట వినేది. ఒక రోజు నా మీదికే పోటీకొచ్చి, నేను రెండేళ్ళుగా దాటలేని ఒక యుద్ధాన్ని మొదటిసారికే గెలిచాడు. నాకు కుళ్ళూ వచ్చింది, కళ్ళలో నీళ్ళూ వచ్చాయి. వీడు వెళ్ళిపోతాడు, ఖాయం అనుకున్నాను.

నాన్న అప్పుడప్పుడూ వచ్చి గుమ్మంలో నిలబడి చూసేవారు. ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో ఏదో కొట్టుకుంటూ కూర్చున్నారు. సాయంత్రానికి ఒక వస్తువు తెచ్చి వరండాలో పెట్టారు. పాత పెట్టె చెక్కలతో చేసిన రెండు పెడల్స్, మధ్యలో ఇరుసు, వెనక్కి గుంజడానికి సైకిలు ట్యూబు ముక్కలు. పాదం జారకుండా పైన కూడా ట్యూబు పరిచి మేకులు కొట్టారు. కుడిది తొక్కితే ఎడమది వెనక్కొస్తుంది.

"రా రా, కుర్చీ తెచ్చుకుని కూర్చో. నేను కుడి అంటే కుడి, ఎడమ అంటే ఎడమ. రోజూ ఒక అరగంట" అన్నారు తమ్ముడితో.

నేను ముందుగదిలోంచి వచ్చాను. చూడగానే నవ్వొచ్చింది. "దీనికి వైరేది నాన్నా? దేనికి తగిలిస్తారు?"

"దేనికీ కాదమ్మా. ఊరికే కాళ్ళకి అలవాటు."

"అలవాటా!"

"విమానం సగం కాళ్ళతోనే నడుస్తుందే. బూట్ల అడుగు చూసి చెప్పేవాణ్ణి నేను, ఎవడు మంచి పైలటో."

నాన్న నాతో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అరుదు. అప్పుడైనా ఆగాల్సింది. నేను ఆగలేదు. "అవన్నీ మీ కాలం విమానాలు నాన్నా. ఇప్పుడు ఆ పని కంప్యూటర్లే చూసుకుంటాయి. వాడికి ఉన్నదే గంట టైము, అది కూడా ఈ సైకిల్ రిక్షా తొక్కుతూ కూర్చుంటే ఎట్లా?" అన్నాను.

సైకిల్ రిక్షా అనేసరికి తమ్ముడు కూడా పకపకా నవ్వాడు. నాన్న కూడా కొంచెం నవ్వారు. "సరేలే. యాప్రాల్లో నాకు తెలిసిన ఆఫీసరుగారున్నారు, రిటైరయ్యారు. పోనీ ఆయన్ని అడుగుదామా, ఆ మెషీన్ ఎలా ఉంటుందో?"

"అడగడానికేముంది నాన్నా? మెషీన్ అంటే స్టిక్కూ తెరే కదా. వీడికి రెండూ వచ్చు."

నాన్న ఆ చెక్కల్ని రెండు చేతులతో ఎత్తుకుని వెళ్ళి మంచం కిందికి తోసేశారు. ఆఫీసరుగారి మాట మళ్ళీ ఎత్తలేదు. తప్పులు పట్టడం నా ఉద్యోగం అని చెప్పానుగా. ఇంకొకళ్ళ తప్పులు.

బయలుదేరే రోజు అమ్మ ఉపవాసముంది. వాడి తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నాక కూడా చెయ్యి తియ్యలేదు. "అమ్మా, ట్రైన్ పోతది" అని వాడే తీశాడు. నేను చెప్పింది ఒకటే: "చెయ్యి వణకనీకు. ఇంట్లో కూర్చున్నట్టే కూర్చో." ఆ మాట నేనే అన్నాను, ఇంకెవరూ అనలేదు.

తరవాతి రోజులు ఏం చెయ్యాలో తోచలేదు. ప్రోగ్రాము పరీక్షిస్తుంటే తప్పు దొరికితే రాసినవాళ్ళకి పంపుతాం, సరిచేసి ఇస్తారు, మళ్ళీ నడుపుతాం. నడవకపోతే ఇంకోసారి. మా ఆఫీసంతా ఆ ఇంకోసారి మీదే బతుకుతుంది. వాడికి అది లేదని ఆఫీసులో కూర్చున్నప్పుడే నా బుర్రకెక్కింది. ఫోను మోగినప్పుడల్లా నేనే ముందు పరిగెత్తి ఎత్తేదాన్ని. వాడు ఫోను చెయ్యలేదు.

పాసైనవాళ్ళని అక్కడే ఉంచి మిగతా పరీక్షలన్నీ పెడతారనీ, తొందరగా ఇంటికొస్తే మంచిది కాదనీ నాన్న ముందే చెప్పారు. శనివారం మధ్యాహ్నం నాకు సెలవు. బట్టలు మడత పెడుతున్నాను. గేటు చప్పుడైంది. వాడు గేటు మూసే పద్ధతి వేరు, కాలితో తంతాడు. ఆ చప్పుడు వినగానే మనసులో రోజులు లెక్కపెట్టుకున్నాను. రెండోసారి లెక్కపెట్టుకున్నా అన్నే వచ్చాయి.

వాడు సంచి దింపి, నవ్వడానికి చూసి, "ఆకలైతుంది" అన్నాడు.

అమ్మ ఏమీ అడక్కుండా అన్నం పెట్టింది. నలుగురం కూర్చున్నాం. పప్పన్నం సగం తిన్నాక వాడే చెప్పాడు.

"మెషీన్ దగ్గర పోయింది నాన్నా. తెర మీద ఒక చుక్క ఉంటది, అది తిరుగుతనే ఉంటది. దాన్ని మధ్యల డబ్బాలనే ఉంచాలె. పైకి కిందికి చేత్తోని. పక్కలకేమో కాళ్ళతోని."

నాన్న ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపలేదు. తల కూడా ఎత్తలేదు.

"ముందే చెప్పిండ్రు, కాళ్ళతోని అని. నాకు సమజైంది సుత. గానీ చుక్క కుడికి పోంగనే చెయ్యి కుడికి పోతుండె. వద్దనుకుంటనే పోతుండె. నాకు కాళ్ళున్నయని యాదికొచ్చేలోపల చుక్క బయటికి పోతుండె." ఇప్పుడు నా వైపు చూశాడు, నేరం మోపడానికి కాదు, నాకు చెప్పడం వాడికి అలవాటు కాబట్టి. "ఇంకోటి ఏందంటే అక్కా, కుర్చీల కూసోంగనే కాళ్ళు పైకి పెట్టుకున్న. బాసింపట్టు. నాకే తెల్వలె. సార్ వచ్చి, పాదాలు కింద పెట్టు అన్నడు. వెనకున్న పోరగాళ్ళు నవ్విండ్రు."

అమ్మకి ఆటల సంగతి పట్టలేదు. మేం పొద్దున్నే ఎలా కూర్చుంటామో ఆవిడ ఎప్పుడూ చూడలేదు, ఆ వేళకి వంటింట్లో, తరవాత స్కూలు బస్సులో. పాపం, టీచరు కదా, ఆవిడకి వినబడింది ఒక్కటే. "అంతమంది పెద్దల ముందు కుర్చీలో కాళ్ళు పైకి పెట్టుకోవడమేంట్రా? ఎవరు నేర్పారురా నీకా మర్యాద?" అంది.

తమ్ముడు కంచంలోకి చూస్తున్నాడు. నేనే అని చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేను. నోరు తెరిచాను కూడా.

"చారు వెయ్యి" అన్నారు నాన్న, అమ్మతో.

అమ్మ లేచి చారు తెచ్చింది. మాట అక్కడితో అయిపోయింది.

రాత్రి నిద్రపట్టలేదని రాయడం అందరూ రాసేదే. నాకు నిద్ర పట్టింది. లేవగానే ముందు మంచం కింద పెడల్స్ గుర్తొచ్చాయి. అవి తియ్యాలి, ఎవరూ చూడకముందే ఎక్కడైనా పారెయ్యాలి. లేదా నాన్న ముందు పెట్టి కాళ్ళ మీద పడాలి. ఏది చెయ్యాలో తెలియలేదు గానీ, వాటిని ముందు చేత్తో పట్టుకోవాలనిపించింది. ఆదివారం అందరం చర్చికి బయలుదేరాం. నాన్న మాత్రం ఒంట్లో నలతగా ఉందని ఉండిపోయారు. పాటలు పాడుతుంటే నాకు అవే చెక్కలు, అవే ట్యూబు ముక్కలు. వచ్చీరాగానే చీర కూడా మార్చుకోకుండా మంచం కిందికి వంగి చూశాను. దుమ్ములో నాలుగు మూలల గుర్తు ఉంది. అవి లేవు.

వంటింట్లోంచి అమ్మ గొంతు. "ఏమే, ఇటు రా, చూడు! గోడకి ఒక అర కావాలని ఎన్నేళ్ళ నుంచి మొత్తుకుంటున్నానో, ఇవాళకి కుదిరింది మీ నాన్నకి!"

పొయ్యి పక్క గోడకి కొత్త చెక్క అర. పెట్టె చెక్కే. రెండు పలకలూ పక్కపక్కన చేర్చి కింద పట్టీ కొట్టారు. అమ్మ అప్పుడే పచ్చడి జాడీలు సర్దేసింది. దగ్గరికెళ్ళి చూస్తే పలకల అంచున వరసగా చిన్న చిన్న మేకు చిల్లులున్నాయి, ట్యూబు బిగించిన చోట. నాన్న పెరట్లో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటున్నారు.

నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. "నాన్నా" అన్నాను.

"జాడీలు బరువు. మరీ నింపెయ్యద్దని మీ అమ్మకి చెప్పు" అని చెయ్యి తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఒక్క మాట అన్నా బాగుండేది. 'చెప్పానా' అన్నా, 'నీ పొగరే కొంప ముంచింది' అన్నా, రెండు పీకినా పడి ఉండేదాన్ని. ఆయన నన్ను కాపాడటానికి ఆ చెక్కల్ని విప్పేశారు. అలా కాపాడటం నాకెంత బరువో ఆయనకి తెలియదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా మా ఇంట్లో ఆకులు మిగల్లేదు. ఆఫీసుకెళ్ళి ఇంటర్నెట్టులో వెతికాను, రెండోసారికి ఎక్కడైనా దారుందేమోనని. యాప్రాల్ ఆఫీసరుగారింటికి కూడా వెళ్ళాను, ఒక్కదాన్నే. ఆయన కాఫీ ఇప్పించి మర్యాదగా చెప్పారు, లేదమ్మా అని. మెషీన్ ఎలా ఉంటుందో ఆయనకి బాగా తెలుసు. మీవాణ్ణి ముందే ఒకసారి పంపించాల్సింది అన్నారు.

తమ్ముడు కొన్నాళ్ళకి అందరిలాగే ఒక కంప్యూటరు కోర్సులో చేరాడు. మేడ ఎక్కడం మానేశాడు. విమానం చప్పుడు వినబడితే టీవీ సౌండు పెంచేవాడు. కుట్టుమిషను దగ్గరికి నేనూ వెళ్ళలేదు, వాడూ వెళ్ళలేదు. అమ్మ అప్పుడప్పుడూ, "ఇంక నా మిషను నాకిచ్చెయ్యచ్చుగా" అనేది.

ఒక ఆదివారం సాయంత్రం నేను బస్సు పాసు కోసం ముందుగదిలోకి వెళితే వాడు కూర్చుని ఉన్నాడు. ఆట నడుస్తోంది. విమానం రన్‌వే మీదికి దిగుతోంది, చెయ్యి ఎప్పటిలాగే మెత్తగా ఉంది. బాసింపట్టు వేసుకుని ఉన్నాడు. నేను గుమ్మంలో, నాన్న నిలబడే చోటే ఆగిపోయాను. వాడు నన్ను చూశాడు, మళ్ళీ తెర వైపు తిరిగాడు. అప్పుడు ఒక కాలు కిందికి దింపాడు. తరవాత రెండోది. రెండు పాదాలూ తొక్కుడు పలక మీద ఆనించి, కుడికాలితో ఒకసారి, ఎడమకాలితో ఒకసారి, నిదానంగా తొక్కడం మొదలుపెట్టాడు. చక్రం గడగడమని తిరిగింది. మానిటరు ఊగింది, రన్‌వే ఊగింది, విమానం పక్కకి ఒరిగిపోయి తెర నల్లబడింది. వాడు తొక్కుతూనే ఉన్నాడు.

కాళ్ళు తియ్యరా అని నేను అనలేదు.